కిడ్నీ రిపోర్ట్ చేతికొచ్చిందా? క్రియాటినిన్ ఒక్కటే చూస్తే చాలదు.. ఈ మాటలూ తెలియాలి

అమరచింతలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతన్నకు పని మధ్యలో లేవడం కష్టం. చీర ఆలస్యమవుతుందని ఒంటేలు వచ్చినా ఆపుకుంటాడు. మళ్లీ మళ్లీ లేవాల్సి వస్తుందని నీళ్లు కూడా తక్కువే తాగుతాడు. నడుం పట్టేస్తే మెడికల్ షాపులో అడిగి ఓ నొప్పి గోలీ వేసుకుంటాడు. జూరాల కింద నాట్లు వేసే కూలీలు, ఎండలో సెంట్రింగ్ పనికి వలస పోయే పాలమూరు లేబర్ చాలామందిదీ ఇదే పరిస్థితి.

కొన్నేళ్లకు ఓ రోజు కాళ్లకు వాపు వస్తుంది. డాక్టర్ పరీక్షలు రాస్తారు. సాయంత్రానికి ల్యాబ్ వాళ్లు వాట్సాప్‌లో పీడీఎఫ్ పంపిస్తారు. అందులో సీరం క్రియాటినిన్, బ్లడ్ యూరియా, ఈజీఎఫ్ఆర్, ఆల్బుమిన్ ప్లస్ ప్లస్, పస్ సెల్స్ అని వరుసగా ఉంటాయి. ఇంట్లో అందరూ చూసేది మాత్రం ఒక్కటే. క్రియాటినిన్ నార్మల్‌లో ఉందా, లేదా?

పొరపాటు అక్కడే జరుగుతోంది. కిడ్నీల పనితీరు సగం దాకా తగ్గినా క్రియాటినిన్ అంకె నార్మల్ పరిధిలోనే కనిపించొచ్చు. ఆ అంకె పరిధి దాటేసరికి జబ్బును నెమ్మదింపజేసే విలువైన కాలం చాలావరకు పోతుంది. ముందే పట్టుకోవాలంటే రిపోర్టులో మరో రెండు మాటలు చూడాలి. రక్త పరీక్షలో ఈజీఎఫ్ఆర్, మూత్ర పరీక్షలో ఆల్బుమిన్. వీటితో పాటు కిడ్నీ, మూత్ర వ్యవస్థ గురించి డాక్టర్లు వాడే ముఖ్యమైన మాటలకు అర్థాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందుగా ఏ భాగం ఎక్కడుందంటే..

కిడ్నీని బడి పుస్తకాల్లో మూత్రపిండం, వృక్కం అంటారు. మటన్ దుకాణంలో గుర్దా అనేది కూడా ఇదే, కాకపోతే మేకది. మనిషికి వెన్నెముకకు అటూ ఇటూ, పక్కటెముకల కింది భాగంలో రెండు కిడ్నీలు ఉంటాయి. ఒక్కోటి పిడికిలంత సైజు, పొడవు దాదాపు 10 నుంచి 12 సెంటీమీటర్లు.

నెఫ్రాన్: కిడ్నీలో రక్తాన్ని వడగట్టే అతి చిన్న యూనిట్. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షలు ఉంటాయి. పోయిన నెఫ్రాన్లు మళ్లీ పుట్టవు. మిగిలినవే పని పంచుకుంటాయి. జబ్బు చాలాకాలం బయటపడకపోవడానికి ఇదే కారణం.

గ్లోమెరులస్: నెఫ్రాన్‌లో ఉండే సన్నటి రక్తనాళాల గుత్తి. అసలు జల్లెడ ఇదే. రెండు కిడ్నీల్లోని జల్లెడలు కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో చాలావరకు మళ్లీ రక్తంలోకి వెళ్తుంది. మూత్రంగా బయటికి వచ్చేది ఒకటిన్నర లీటర్ల దాకా మాత్రమే.

యురేటర్: కిడ్నీ నుంచి మూత్రాన్ని కిందికి తెచ్చే గొట్టం. తెలుగులో మూత్రనాళం. పొడవు 25 నుంచి 30 సెంటీమీటర్లు. రాయి ఎక్కువగా ఇరుక్కునేది ఇందులోనే.

బ్లాడర్: మూత్రాశయం, అంటే మూత్రం సంచి. 400 నుంచి 500 మిల్లీలీటర్ల వరకు పడుతుంది.

యురెత్రా: సంచి నుంచి బయటికి వచ్చే దారి. పుస్తకాల్లో ప్రసేకం అని రాస్తారు. ఆడవాళ్లలో ఇది సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లలో 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దారి చిన్నది కావడంతో బ్యాక్టీరియా త్వరగా పైకి చేరుతుంది. ఆడవాళ్లకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా రావడానికి ఇదో ముఖ్య కారణం.

యురేటర్, యురెత్రా వినడానికి ఒకేలా ఉంటాయి. రిపోర్టు చదివేటప్పుడు జాగ్రత్త. మొదటిది కిడ్నీకి, సంచికి మధ్య ఉంటుంది. రెండోది సంచి తర్వాత వస్తుంది.

కిడ్నీల పని వడగట్టడంతోనే అయిపోదు. రక్తం తయారవడానికి కావాల్సిన ఎరిత్రోపోయిటిన్ హార్మోన్ ఇక్కడి నుంచే వస్తుంది. విటమిన్ డి పనిచేసే రూపంలోకి మారేదీ, బీపీ అదుపులో ఉండేదీ వీటి వల్లే. అందుకే కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు రక్తం తగ్గుతుంది, ఎముకలు బలహీనపడతాయి, బీపీ పెరుగుతుంది.

మాటను విడగొడితే అర్థం దొరుకుతుంది

వైద్య పదాలు పొడవుగా ఉంటాయి కానీ చాలావరకు ముక్కలు అతికించినవే. కొన్ని ముక్కలు గుర్తుంటే కొత్త పేరు విన్నా సగం అర్థమవుతుంది.

- నెఫ్రో, రీనల్: రెండూ కిడ్నీకి సంబంధించినవే. మొదటిది గ్రీకు నుంచి, రెండోది లాటిన్ నుంచి వచ్చింది.
- సిస్టో: మూత్రం సంచి
- పైలో: కిడ్నీలో మూత్రం చేరే గరాటు లాంటి భాగం
- లిథో: రాయి
- ఐటిస్: వాపు, మంట
- యూరియా అని ముగిస్తే: మూత్రానికి సంబంధించిన మార్పు
- ఈమియా అని ముగిస్తే: రక్తంలో ఉండటం
- ఎక్టమీ: కోసి తీసేయడం
- స్కోపీ: కెమెరా గొట్టంతో లోపల చూడటం

ఉదాహరణకు సిస్టైటిస్ అంటే మూత్రం సంచి వాపు. నెఫ్రెక్టమీ అంటే కిడ్నీ తీసేయడం. సిస్టోస్కోపీ అంటే సంచి లోపల కెమెరాతో చూడటం. హిమట్యూరియా అంటే మూత్రంలో రక్తం పడటం.

రైతులకు ఇక్కడ ఓ అనుమానం వస్తుంది. రక్తంలో యూరియా పెరిగిందంటే పొలంలో చల్లే యూరియా ఒంట్లోకి వెళ్లిందా? కాదు. రసాయనం ఒకటే కానీ ఇది ఒంట్లోనే తయారవుతుంది. మనం తిన్న ప్రొటీన్ విరిగినప్పుడు లివర్ దీన్ని తయారు చేస్తుంది, కిడ్నీలు బయటికి పంపేస్తాయి. కిడ్నీలు నెమ్మదిస్తే రక్తంలో పేరుకుపోతుంది.

మూత్ర పరీక్ష: సీయూఈలో ఏముంటుంది?

మన ల్యాబుల్లో సీయూఈ అని రాసేది పూర్తి మూత్ర పరీక్ష. ఖర్చు తక్కువ, సూది పోటు లేదు. కిడ్నీ జబ్బును చాలామందిలో ముందుగా పట్టించేది ఇదే.

ఆల్బుమిన్: ఇది రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్. జల్లెడ బాగుంటే మూత్రంలోకి దాదాపుగా రాదు. రిపోర్టులో నిల్ అని ఉంటే మంచిదే. ట్రేస్ అంటే లీలగా ఉందని. ప్లస్‌లు పెరిగే కొద్దీ ఎక్కువ పోతోందని అర్థం. జ్వరం వచ్చినప్పుడో, బాగా కష్టపడి పనిచేశాకో తాత్కాలికంగా కనిపించొచ్చు. అందుకే ఒక్కసారికే భయపడొద్దు. అలాగని వదిలేయొద్దు, మళ్లీ చేయించుకోవాలి.

ఏసీఆర్: ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. మామూలు పరీక్షలో దొరకని కొద్దిపాటి లీకేజీని కూడా ఇది చెబుతుంది. 30 లోపు ఉంటే సాధారణం. 30 నుంచి 300 వరకు ఉంటే జల్లెడ లీకవడం మొదలైందని, 300 దాటితే నష్టం ఎక్కువగా ఉందని లెక్క. ఉదయం లేవగానే వచ్చే మూత్రంతో చేయిస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లకు ఏడాదికోసారైనా ఈ పరీక్ష కావాలి.

పస్ సెల్స్: చీము కణాలు, అంటే తెల్ల రక్తకణాలు. 5 లోపు సాధారణం. ఎక్కువగా ఉంటే ఇన్‌ఫెక్షన్ అనుమానం.

ఆర్‌బీసీ: ఎర్ర రక్తకణాలు. మూత్రం రంగు మారకపోయినా ఇవి ఉండొచ్చు. రాయి, ఇన్‌ఫెక్షన్, జల్లెడ వాపు, ఒక్కోసారి కేన్సర్ కూడా కారణం కావొచ్చు. నొప్పి లేకుండా ఎర్రగా పోతే ఒక్కసారైనా సరే డాక్టర్‌కు చూపించాల్సిందే.

కాస్ట్స్: నెఫ్రాన్ గొట్టాల అచ్చులో తయారైన ముక్కలు. ఎర్ర కణాలతో ఉన్న కాస్ట్స్ కనిపిస్తే సమస్య కిడ్నీ జల్లెడలోనే ఉందని డాక్టర్లు అనుమానిస్తారు.

క్రిస్టల్స్: స్ఫటికాలు. ఇవి కనిపించగానే రాళ్లున్నాయని కాదు.

ఎపిథీలియల్ సెల్స్: చర్మం పొరల కణాలు. ఎక్కువగా ఉంటే శాంపిల్ సరిగ్గా పట్టలేదని అర్థం చేసుకోవచ్చు. మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేది డబ్బాలో పట్టాలి. నెలసరి సమయంలో అయితే ఆ విషయం ల్యాబ్ వాళ్లకు చెప్పాలి.

కల్చర్ అండ్ సెన్సిటివిటీ: ఏ బ్యాక్టీరియా ఉంది, దానికి ఏ యాంటీబయాటిక్ పనిచేస్తుందో చెప్పే పరీక్ష. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే శాంపిల్ ఇవ్వాలి.

రక్త పరీక్ష: క్రియాటినిన్ కథ ఇదీ

కండరాలు పనిచేసేటప్పుడు మిగిలే వ్యర్థమే క్రియాటినిన్. ఇది క్రియాటిన్, ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాల నుంచి వస్తుంది. ఈ ఫాస్ఫోక్రియాటిన్ వెనుక మన తెలుగువాడి పేరుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి పనిచేస్తూ 1927లో కండరాల్లో దీన్ని గుర్తించారు. అంతకుముందు 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వీళ్లిద్దరూ కనిపెట్టారు. ఫిస్క్ సుబ్బారావు పద్ధతిగా దానికి ప్రపంచమంతా పేరొచ్చింది.

సీరం క్రియాటినిన్: చాలా ల్యాబుల్లో డెసిలీటర్‌కు మగవాళ్లకు 0.7 నుంచి 1.3 మిల్లీగ్రాములు, ఆడవాళ్లకు 0.6 నుంచి 1.1 వరకు సాధారణం అని రాస్తారు.

బ్లడ్ యూరియా, బన్: కొన్ని ల్యాబులు యూరియా అని, కొన్ని బన్ అని రాస్తాయి. బన్ అంటే యూరియాలోని నైట్రోజన్ కొలత. బన్ అంకెను 2.14తో గుణిస్తే యూరియా వస్తుంది. ఒకచోట 20, మరోచోట 43 వస్తే వారంలో రెట్టింపు అయిందని కంగారు పడొద్దు. ముందు పేరు చూడండి.

ఈజీఎఫ్ఆర్: అసలు చూడాల్సిన అంకె. జల్లెడలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడగడుతున్నాయో చెప్పే అంచనా ఇది. క్రియాటినిన్‌తో పాటు వయసు, ఆడా మగా అన్నవి కలిపి లెక్కకడతారు.

ఒక ఉదాహరణ చూద్దాం. 25 ఏళ్ల యువకుడికి క్రియాటినిన్ 1.1 వచ్చింది. ఇప్పుడు వాడుతున్న 2021 నాటి ఫార్ములా ప్రకారం అతని ఈజీఎఫ్ఆర్ దాదాపు 95. అంటే బాగుంది. 65 ఏళ్ల పెద్దమ్మకూ అదే 1.1 వచ్చింది. ఆమె ఈజీఎఫ్ఆర్ 56 దగ్గరే ఉంటుంది. ఇద్దరి రిపోర్టుల్లోనూ క్రియాటినిన్ నార్మలే. కానీ పెద్దమ్మకు మళ్లీ పరీక్ష అవసరం. వయసు మీద పడి కండ తగ్గినవాళ్లలో క్రియాటినిన్ తక్కువగా తయారవుతుంది కాబట్టి ఆ అంకె మోసం చేస్తుంది.

రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ లేకపోతే ల్యాబ్ వాళ్లను, లేదంటే డాక్టర్‌ను అడగండి. దానికి మళ్లీ రక్తం తీయక్కర్లేదు. ఉన్న క్రియాటినిన్‌తోనే లెక్క వేయొచ్చు.

పొటాషియం: సాధారణంగా 3.5 నుంచి 5 వరకు ఉండాలి. కిడ్నీలు దెబ్బతింటే ఇది పెరిగిపోయి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. ఒంటికి మంచివని అందరూ చెప్పే కొబ్బరి నీళ్లు, అరటిపండ్లు కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు పడకపోవడానికి కారణం ఇదే. వాటిలో పొటాషియం ఎక్కువ.

సీకేడీ స్టేజీలు అంటే?

సీకేడీ అంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. కిడ్నీ దెబ్బతిన్న గుర్తులు లేదా ఈజీఎఫ్ఆర్ 60 కంటే తక్కువ ఉండటం 3 నెలలకు మించి కొనసాగితేనే ఈ పేరు పెడతారు. ఒక్క రిపోర్టుతో తేల్చరు.

- స్టేజ్ 1: ఈజీఎఫ్ఆర్ 90 లేదా ఆపైన, కానీ ఆల్బుమిన్ లాంటి నష్టం గుర్తులు ఉంటాయి
- స్టేజ్ 2: 60 నుంచి 89, దీనికీ నష్టం గుర్తులు ఉండాలి
- స్టేజ్ 3ఏ: 45 నుంచి 59
- స్టేజ్ 3బీ: 30 నుంచి 44
- స్టేజ్ 4: 15 నుంచి 29
- స్టేజ్ 5: 15 కంటే తక్కువ

మొదటి రెండు స్టేజీలు గమనించండి. అక్కడ ఈజీఎఫ్ఆర్ బాగానే ఉంటుంది. జబ్బును ఎక్కువగా బయటపెట్టేది మూత్రంలో ఆల్బుమినే. క్రియాటినిన్ ఒక్కటే చూసుకుని ఇంటికి వెళ్లిపోయేవాళ్లకు ఈ రెండు స్టేజీలు తెలియకుండానే దాటిపోతాయి. బీపీ, షుగర్ అదుపు చేసి, కిడ్నీని కాపాడే మందులు మొదలుపెడితే ఎక్కువ లాభం ఉండేది ఆ దశల్లోనే. సీకేడీకి ముఖ్య కారణాలు కూడా ఆ రెండే, షుగర్, బీపీ.

ఏకేఐ: ఇది వేరు. కిడ్నీ అకస్మాత్తుగా గంటల్లో, రోజుల్లో దెబ్బతినడం. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీరు పోవడం, తీవ్రమైన ఇన్‌ఫెక్షన్, నొప్పి మాత్రలు, రక్తపింజరి పాము కాటు లాంటివి కారణమవుతాయి. వెంటనే వైద్యం అందితే చాలామందిలో కిడ్నీలు కోలుకుంటాయి. కాబట్టి క్రియాటినిన్ 4 అనగానే జీవితాంతం డయాలసిస్ అనుకోవద్దు. డాక్టర్‌ను అడగాల్సిన ప్రశ్న ఇది: "ఇది కొత్తగా వచ్చిందా, పాతదా?"

స్కానింగ్ రిపోర్టులో ఈ మాటలు ఉన్నాయా?

కేయూబీ: కిడ్నీ, యురేటర్, బ్లాడర్. ఈ మూడింటికీ చేసే స్కాన్ లేదా ఎక్స్‌రే.

కాల్‌క్యులస్: రాయి. రెండు మూడు ఉంటే కాల్‌క్యులై.

కాలిక్స్: కిడ్నీ లోపల మూత్రం చేరే చిన్న గిన్నెలు. అప్పర్, మిడ్, లోయర్ అంటే పైన, మధ్యన, కింద అని.

హైడ్రోనెఫ్రోసిస్: కిందికి దారి మూసుకుని కిడ్నీలో మూత్రం నిలిచి ఉబ్బడం. మైల్డ్, మోడరేట్, సివియర్ అని రాస్తారు. రాయి సైజు కంటే ఈ మాట ముఖ్యం. జ్వరం, చలితో పాటు ఇది ఉంటే ఎమర్జెన్సీ.

ఎకోజెనిసిటీ పెరగడం: స్కాన్‌లో కిడ్నీ మామూలు కంటే తెల్లగా కనిపించడం.

సీఎండీ: కిడ్నీ పై పొరకు, లోపలి పొరకు మధ్య తేడా. మెయింటెయిన్డ్ అంటే బాగుందని. లాస్ట్ అంటే తేడా కనిపించడం లేదని, దీర్ఘకాల నష్టానికి గుర్తు కావొచ్చని అర్థం.

సింపుల్ కార్టికల్ సిస్ట్: నీటి బుడగ. వయసు పెరిగిన వాళ్లలో మామూలే. సాధారణంగా ప్రమాదం ఉండదు.

పోస్ట్ వాయిడ్ రెసిడ్యూ: మూత్రానికి వెళ్లొచ్చాక కూడా సంచిలో మిగిలినది. ఎక్కువ మిగిలితే అడ్డంకి ఉందని లేదా సంచి సరిగా బిగుసుకోవడం లేదని అనుమానిస్తారు.

డాక్టర్‌కు ఎలా చెప్పాలి?

చాలామంది, ముఖ్యంగా ఆడవాళ్లు, మూత్రం సమస్య చెప్పడానికి సిగ్గుపడి నీరసంగా ఉందని చెప్పి బలం మందు రాయించుకుని వస్తారు. మన మాటల్లో చెప్పినా డాక్టర్‌కు అర్థమవుతుంది. చీటీ మీద ఆయన రాసే పేర్లు మాత్రం ఇవీ.

- మంట, సురుకు: డిస్యూరియా
- మాటిమాటికీ పోవాలనిపించడం: ఫ్రీక్వెన్సీ
- ఆపుకోలేక పరుగెత్తడం: అర్జెన్సీ
- దగ్గినా తుమ్మినా చుక్కలు పడటం: ఇన్‌కాంటినెన్స్
- రాత్రి లేచి పోవడం: నాక్ట్యూరియా
- వచ్చినట్టుండి రాకపోవడం, బిగపట్టడం: రిటెన్షన్
- రోజుకు 400 మిల్లీలీటర్ల కంటే తక్కువ: ఆలిగూరియా
- రోజుకు 3 లీటర్లు దాటడం: పాలీయూరియా
- ముఖం, కాళ్లు ఉబ్బడం: ఎడిమా
- నురగ పోవడం: ప్రొటీన్ పోతోందేమో చూడాల్సిన గుర్తు

ఎక్కువగా వినిపించే జబ్బుల పేర్లు

యూటీఐ: మూత్ర మార్గంలో ఇన్‌ఫెక్షన్. ఎక్కువసార్లు కారణం ఈ.కోలి బ్యాక్టీరియా. సంచి వరకే ఉంటే సిస్టైటిస్. మంట, మాటిమాటికీ వెళ్లడం ఉంటాయి. కిడ్నీ దాకా పాకితే పైలోనెఫ్రైటిస్. చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు ఉంటాయి. రెండోది వస్తే ఇంట్లో బార్లీ నీళ్లతో కాలం గడపకూడదు. గర్భిణులైతే మామూలు మంటను కూడా తేలిగ్గా తీసుకోవద్దు.

రీనల్ కోలిక్: రాయి కదిలినప్పుడు నడుం నుంచి గజ్జల దాకా మెలిపెట్టే నొప్పి. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వి. 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయి. పెద్దవైతే ఈఎస్‌డబ్ల్యూఎల్ అంటే బయటి నుంచి తరంగాలతో పగలగొట్టడం, పీసీఎన్ఎల్ అంటే వీపు వైపు చిన్న రంధ్రం చేసి తీయడం. డీజే స్టెంట్ అంటే మూత్రం దిగడానికి తాత్కాలికంగా పెట్టే సన్నటి గొట్టం. దాన్ని చెప్పిన తేదీకి తీయించుకోవాలి. మర్చిపోతే దానిమీదే రాళ్లు పేరుకుంటాయి.

బీపీహెచ్: మగవాళ్లలో వయసుతో పాటు ప్రోస్టేట్ గ్రంథి పెరగడం. ఇది కేన్సర్ కాదు. పీఎస్ఏ అనే రక్త పరీక్ష పెరిగినంత మాత్రాన కూడా కేన్సర్ అని తేలదు. టీయూఆర్‌పీ అంటే మూత్ర మార్గం ద్వారా అడ్డుగా ఉన్న గ్రంథి భాగాన్ని తీసేయడం.

నెఫ్రోటిక్ సిండ్రోమ్: మూత్రంలో ప్రొటీన్ భారీగా పోయి ఒళ్లంతా ఉబ్బడం. పిల్లల్లో పొద్దున లేవగానే కళ్ల చుట్టూ వాపు కనిపిస్తే ఈ అనుమానంతో మూత్రం పరీక్ష చేయిస్తారు. చాలామంది పిల్లల్లో మందులకు తగ్గుతుంది.

ఉద్దానం ఏం చెబుతోంది?

తెలుగు నేల మీద కిడ్నీ జబ్బు అనగానే గుర్తొచ్చే పేరు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస లాంటి మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే రైతులు, కూలీలు దశాబ్దాలుగా ఈ జబ్బుతో పోరాడుతున్నారు. వీళ్లలో చాలామందికి షుగర్ లేదు. మొదట్లో బీపీ, వాపు కూడా కనిపించకపోవచ్చు. కారణం ఇదీ అని ఇప్పటికీ శాస్త్రవేత్తలు తేల్చలేదు. అందుకే దీన్ని సీకేడీయూ అంటారు. చివరి యూ అంటే కారణం తెలియనిది అని.

శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోని వరి రైతుల్లో, నికరాగువా, ఎల్ సాల్వడార్ చెరకు తోటల కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. ఎండలో కష్టం, ఒంట్లో నీరు తగ్గడం, తాగునీరు, పురుగు మందులు, నొప్పి మాత్రలు.. ఇలా చాలా కోణాల్లో పరిశోధనలు సాగుతున్నాయి. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తాగునీరు ఇచ్చే పథకం కూడా అప్పుడే మొదలైంది.

రిపోర్టు చదివేవాళ్లకు ఉద్దానం ఇంకో విషయం నేర్పుతుంది. ఈ రకం జబ్బులో మొదట్లో మూత్రంలో ఆల్బుమిన్ పెద్దగా కనిపించకపోవచ్చు. అంటే మూత్ర పరీక్ష ఒక్కటే చేసినా దొరకదు. షుగర్ వల్ల వచ్చే జబ్బును ఎక్కువగా ఆల్బుమిన్ ముందు పట్టిస్తే, ఇలాంటి జబ్బును ఈజీఎఫ్ఆర్ పట్టిస్తుంది. రెండూ చేయిస్తేనే లెక్క సరిపోతుంది.

డయాలసిస్ మాటలు

ఈఎస్ఆర్‌డీ: కిడ్నీ వైఫల్యం చివరి దశ. డయాలసిస్ లేదా ట్రాన్స్‌ప్లాంట్ కావాల్సిన స్థితి.

హీమోడయాలసిస్: రక్తాన్ని మెషిన్‌లోని డయలైజర్ గుండా పంపి శుభ్రం చేయడం. సాధారణంగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి 4 గంటలు. డచ్ డాక్టర్ విలెమ్ కోల్ఫ్ 1943లో తొలి డయాలసిస్ మెషిన్ తయారు చేశారు.

ఏవీ ఫిస్టులా: చేతిలో ధమనిని, సిరను కలిపి చేసే చిన్న ఆపరేషన్. వాడకానికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది. ఆ చేతికి బీపీ చూడకూడదు, రక్తం తీయకూడదు, బరువులు మోయకూడదు.

డ్రై వెయిట్: ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువు. డయాలసిస్‌లో ఎంత నీరు తీయాలో దీన్నిబట్టే లెక్కిస్తారు. నీళ్లు ఎక్కువ తాగితే కిడ్నీలు కడుక్కుపోతాయన్న మాట ఈ దశలో పనికిరాదు. డాక్టర్ చెప్పిన కొలతే తాగాలి.

సీఏపీడీ: కడుపులోని పొరనే జల్లెడగా వాడుకుని ఇంట్లోనే చేసుకునే డయాలసిస్.

ట్రాన్స్‌ప్లాంట్: కిడ్నీ మార్పిడి. పాత కిడ్నీలను సాధారణంగా తీయరు. కొత్తది పొత్తికడుపులో ఒక పక్కన అమరుస్తారు. బ్రెయిన్ డెడ్ అయినవాళ్ల అవయవాల కోసం మన దగ్గర జీవన్‌దాన్ కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. అవయవాల మార్పిడికి 1994 నాటి కేంద్ర చట్టం ఉంది. డబ్బుకు కిడ్నీ అమ్మడం, కొనడం నేరం.

ఏ డాక్టర్ దగ్గరికి, ఎక్కడికి?

నెఫ్రాలజిస్ట్ కిడ్నీ జబ్బులకు మందులు, డయాలసిస్ చూస్తారు. యూరాలజిస్ట్ రాళ్లు, ప్రోస్టేట్, అడ్డంకుల లాంటి వాటికి ఆపరేషన్లు చేస్తారు. ఆల్బుమిన్, క్రియాటినిన్ సమస్య అయితే మొదటివారు. రాయి ఇరుక్కుంటే రెండోవారు.

మొదటి పరీక్షలకు పెద్ద ఊరికి పోవాల్సిన పనిలేదు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో రక్త, మూత్ర పరీక్షలు ఉచితం. 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాకు 2022లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. పక్కనే నాగర్‌కర్నూల్‌కు కూడా అదే ఏడాది వచ్చింది. ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో అప్పటి మహబూబ్‌నగర్ కూడా ఒకటి. అమరచింత అప్పుడు ఆ జిల్లాలోనే ఉండేది. మిగతా రెండు అనంతపురం, ఉద్దానం ఉన్న శ్రీకాకుళం. తెలంగాణలో ఇప్పుడు ఆరోగ్యశ్రీ పరిమితి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల రూపాయలు. డయాలసిస్ దీని పరిధిలోకి వస్తుంది.

ఆలస్యం చేయకూడని గుర్తులు

- పూర్తిగా మూత్రం ఆగిపోవడం
- చలిజ్వరంతో నడుం పక్క నొప్పి
- నొప్పి లేకుండా ఎర్రటి మూత్రం
- వాపుతో పాటు ఆయాసం
- పాము కాటు తర్వాత మూత్రం తగ్గడం లేదా రంగు మారడం. అసలు కాటు వేయగానే 108కి ఫోన్ చేయాలి

ఏడాదికోసారి ఎవరు చేయించుకోవాలి?

షుగర్ ఉన్నవాళ్లు, బీపీ ఉన్నవాళ్లు, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, రాళ్లు మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లు. నొప్పి గోలీలు ఎక్కువకాలం వాడినవాళ్లు, ఏముందో తెలియని పసరు మందులు, భస్మాలు తిన్నవాళ్లు కూడా డాక్టర్‌కు ఆ మాట దాచకుండా చెప్పాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి మరింత చేటు. ఎండలో పనిచేసొచ్చి, నీళ్లు తాగకుండా గోలీ వేసుకునే అలవాటు మానుకోవాలి.

పరీక్షకు వెళ్లినప్పుడు చీటీ మీద రెండు మాటలు రాసుకుని వెళ్లండి. రక్తంలో ఈజీఎఫ్ఆర్, మూత్రంలో ఏసీఆర్. ఏసీఆర్ అందుబాటులో లేకపోతే సీయూఈలో ఆల్బుమిన్ చూపించమని అడగండి. పాత రిపోర్టులు పారేయకండి. ఈ ఏడాది అంకెను నిరుటి అంకె పక్కన పెట్టి చూస్తేనే కిడ్నీ ఎటు పోతోందో డాక్టర్‌కు తెలుస్తుంది. మగ్గం మీద ఉన్నా, మడిలో ఉన్నా మధ్యలో లేచి నీళ్లు తాగండి. ఒంటేలు వస్తే ఆపుకోకండి.

గమనిక: ఇది అవగాహన కోసం ఇచ్చిన సమాచారం. ల్యాబును బట్టి సాధారణ పరిధులు కొంచెం మారతాయి. మందులు మొదలుపెట్టాలన్నా, ఆపాలన్నా డాక్టర్ సలహా తప్పనిసరి.